నాణెం రంగు మారిందా? తోమకండి, ముందు అది ఎక్కడ కాపురం ఉందో కనుక్కోండి

నల్లబడిన వెండి రూపాయి దొరికితే మన ఇళ్లల్లో అందరూ చేసే పని ఒకటే, చింతపండు తీసుకుని తోమేయడం. నేనూ అదే చేశాను. పదో తరగతి సెలవుల్లో మా అవ్వ ట్రంకుపెట్టెలో 1918 నాటి అయిదో జార్జి రూపాయలు మూడు దొరికాయి, పాత న్యూస్‌పేపర్లో చుట్టి పైన రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. రెండిటిని పెరట్లో కూర్చుని చింతపండుతోనూ, ఇత్తడి సామాన్లు తోమే పొడితోనూ తళతళలాడేలా తోమాను. మూడోది తోమబోతుంటే అవ్వ లాక్కుని మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

ఇప్పుడు ఆ మూడూ నా దగ్గరే ఉన్నాయి. అవ్వ లాక్కున్నదాని అంచు చుట్టూ నీలం, దాని లోపల బంగారు రంగు, రాజు ముఖం మీదుగా అడ్డంగా రబ్బరు బ్యాండు వదిలిన నల్లటి గీత. నేను తోమినవి మాత్రం పాలిపోయి, సన్నటి గీతలతో, జీవం లేకుండా ఉన్నాయి. ఒకటే సంవత్సరం, ఒకటే మూట. నాణేలు కొనే ఆయనకు చూపిస్తే ఆ రెండిటికీ వెండి తూకం ధర మాత్రమే చెప్పాడు. అంటే 11.66 గ్రాముల నాణెం, అందులో 91.7 శాతం వెండి, అంతే లెక్క.

అప్పటి నుంచి ఎవరు నాణెం తెచ్చి చూపించినా నేను ముందు అడిగేది ఇన్నాళ్లూ దీన్ని ఎక్కడ పెట్టారు అనే. రంగును బట్టి అది ఎక్కడ ఉందో చాలావరకు చెప్పొచ్చు, ఎక్కడ ఉందో తెలిస్తే ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో తెలుస్తుంది.

వెండి ఎందుకు నల్లబడుతుంది

మామూలు గాలిలో వెండికి ఆక్సిజన్‌తో పెద్దగా పేచీ లేదు, పేచీ అంతా గంధకంతోనే. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుందే, ఆ వాయువు పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. గాలిలో అది మన ముక్కుకు తెలియనంత తక్కువగా ఉన్నా వెండికి చాలు. వెండి మీద సిల్వర్ సల్ఫైడ్ అనే సన్నటి పొర ఏర్పడుతుంది. పొర చాలా పలచగా ఉన్నప్పుడు లేత పసుపుగా కనిపిస్తుంది, కొంచెం మందమైతే బంగారు రంగు, తర్వాత ఎర్రటి ఊదా, తర్వాత నీలం, ఇంకా మందమైతే నలుపు. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే రంగులు కనిపిస్తాయి కదా, అదే సూత్రం, పొర మందాన్ని బట్టి వెలుతురులో ఏ రంగు మనకు తిరిగి వస్తుందో మారుతుంది. అందుకే ఒకే నాణెం మీద నాలుగు రంగులు ఉండొచ్చు. గాలి ఎక్కువ తగిలిన అంచు దగ్గర పొర మందంగా, నడుమ పలచగా ఉంటుంది.

ఈ గంధకం మన ఇళ్లల్లో ఎక్కడి నుంచి వస్తుందంటే, రబ్బరు బ్యాండు నుంచి (రబ్బరు గట్టిపడటానికి గంధకం కలుపుతారు), న్యూస్‌పేపరు నుంచి, చవక రకం కాకి కవర్ల నుంచి, ఉన్ని బట్టల నుంచి, తోలు పర్సు నుంచి, వంటింట్లో ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు నుంచి, ఇంటి పక్కన మూత లేని మురుగు కాలువ ఉంటే దాని నుంచి. గాలిలో తేమ ఉంటే పని ఇంకా త్వరగా జరుగుతుంది. మన తిరుపతిలో మే నెల ఎండలకు గాలి ఎండిపోయి ఉంటుంది కాబట్టి నాణేలకు ఆ కాలం పెద్ద ప్రమాదం కాదు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలప్పుడే అసలు జాగ్రత్త కావాలి. గోడలు చెమ్మ పడుతున్న ఇల్లయితే మరీను.

మెడలో వేసుకునే శ్రీవారి వెండి డాలరు నల్లబడితే ఒంట్లో వేడి చేసిందనో, దిష్టి తగిలిందనో కొందరు భయపడతారు. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. చెమట, సబ్బు, గాలిలోని గంధకం, వెండిలో కలిపిన రాగి, ఇవన్నీ కలిసి చేసే పని అది. డాలరును తోముకోవచ్చు, అది వేసుకునే వస్తువు. పాత నాణెం విషయంలోనే ఆ పని వద్దంటున్నాను.

రాగి కథ వేరే

టంకశాల నుంచి బయటికి వచ్చినప్పుడు రాగి నాణెం ఎర్రగా ఉంటుంది. ఆక్సిజన్ తగిలి కొన్నేళ్లకు గోధుమ రంగులోకి, ఇంకా కొన్నేళ్లకు ముదురు చాక్లెట్ రంగులోకి మారుతుంది. నాణేలు సేకరించేవాళ్లు రెడ్, రెడ్ బ్రౌన్, బ్రౌన్ అని మూడు మెట్లుగా చెప్పుకునేది దీన్నే. ఎరుపు ఒకసారి పోయిందంటే పోయినట్టే. తోమితే వచ్చే గులాబీ ఎరుపు అసలు ఎరుపు కాదు, తెలిసినవాళ్లకు చూడగానే అర్థమైపోతుంది. ఈస్టిండియా కంపెనీ 1835 నాటి క్వార్టర్ అణా ఒకటి సమానమైన ముదురు గోధుమ రంగులో ఉందంటే అది చక్కగా బతికిన నాణెం, దాన్ని ముట్టుకోకండి.

ఆకుపచ్చ చిలుములో మాత్రం రెండు రకాలు ఉన్నాయి, వీటి తేడా తప్పకుండా తెలుసుకోవాలి. ఒకటి గట్టిగా, నున్నగా, నాణేనికి అతుక్కుపోయిన ముదురు ఆకుపచ్చ. మట్టిలో చాలా కాలం ఉన్న నాణేల మీద ఇది ఉంటుంది, దీనివల్ల ప్రమాదం లేదు, నిజానికి లోపలి లోహాన్ని కాపాడుతూ ఉంటుంది. రెండోది లేత ఆకుపచ్చ పొడి, చుక్కలు చుక్కలుగా వస్తుంది, సూదితో గీకితే రాలుతుంది, తుడిచేసినా కొన్ని వారాలకు మళ్లీ అదే చోట తేలుతుంది. దీన్ని బ్రాంజ్ డిసీజ్ అంటారు. ఉప్పులోని క్లోరైడ్ నాణెం లోపలికి దిగి, తేమ తగిలినప్పుడల్లా లోహాన్ని తింటూ పోతుంది. ఇలాంటి నాణెం కనిపిస్తే వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ కొన్ని వారాలు ఉంచితే క్లోరైడ్ కొంత బయటికి వస్తుంది, తర్వాత పూర్తిగా ఆరబెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన మూత గట్టి డబ్బాలో పెట్టాలి. డబ్బా లోపల తేమ 40 శాతం లోపు ఉంటే వ్యాధి చాలావరకు అణిగి ఉంటుంది. పూర్తిగా నయమైందని మాత్రం ఎప్పుడూ అనుకోకండి, ఆర్నెల్లకోసారి చూస్తూ ఉండాలి. సముద్రగాలి తగిలే ఊళ్ల నుంచి, అంటే మద్రాసు వైపు నుంచో నెల్లూరు తీరం నుంచో వచ్చిన పాత రాగి నాణేల్లో దీన్ని వెతికి చూడండి, ఉప్పుగాలి పడ్డ రాగికి ఈ జబ్బు తొందరగా అంటుకుంటుంది.

చిత్తూరు వైపు పల్లెల్లో గొడ్ల చావిడి పక్క గదిలో పెట్టిన రాగి, ఇత్తడి నాణేలు నల్లగా, నీలి మరకలతో తయారవుతాయి. అది గొడ్ల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా చేసే పని. ఎరువుల బస్తాల దగ్గర పెట్టినా అంతే.

దుక్కి దున్నుతుంటే కాసులు దొరికాయని ఎవరైనా తెస్తే కడిగే సంగతి తర్వాత, ముందు చట్టం ఒకటి ఉందని చెప్పండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం మట్టిలో దాచిపెట్టి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలి. చంద్రగిరి విజయనగర రాజుల చోటు కాబట్టి ఈ చుట్టుపక్కల పాత నాణేలు దొరకడంలో ఆశ్చర్యం లేదు. మట్టితో సహా అప్పగిస్తేనే మేలు, ఆ మట్టి, ఆ చిలుము కూడా చరిత్ర చదివేవాళ్లకు పనికొస్తాయి.

మన చేతులే పెద్ద శత్రువు

పట్టుకునే తీరు గురించి ఎంత చెప్పినా జనం తేలిగ్గా తీసుకుంటారు, నాకు అదే బాధ. వేలి మీద ఉప్పు, నూనె, పుల్లటి చెమట ఉంటాయి. కొత్తగా మెరిసే రాగి నాణెం మీద బొటనవేలు నొక్కి వదిలితే ఆ రోజు ఏమీ కనపడదు. కొన్నాళ్లకు చూస్తే ఆధార్ కార్డుకు వేసినంత స్పష్టంగా వేలిముద్ర గోధుమ రంగులో తేలి ఉంటుంది, అప్పటికి అది లోహంలోకి చెక్కుకుపోయింది, ఇక పోదు. కాబట్టి నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తాలి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. కింద మెత్తటి తువ్వాలు పరుచుకోండి, జారిపడినా దెబ్బ తగలదు. చూస్తూ మాట్లాడకండి. నాణెం మీద నోరు పెట్టి మాట్లాడితే పడే ఉమ్మి తుంపర్లు తర్వాత చిన్న చిన్న నల్ల చుక్కలవుతాయి. పెళ్లిలోనో ఫంక్షన్లోనో నాణెం బయటికి తీసి నలుగురి చేతులూ మారనిచ్చారంటే నాలుగు జతల వేలిముద్రలు దాని మీద పడ్డట్టే, ఫోటో చూపించండి చాలు.

పొరపాటున వేలు తగిలిందని వెంటనే తెలిస్తే దారి ఉంది. స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీస్తే నూనె కరిగిపోతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం పనికిరాదు, అందులో వాసన, రంగు, నూనె కలిపి ఉంటాయి. గాజు గిన్నెలో పోసుకోండి, ప్లాస్టిక్ అయితే కొన్ని రకాలు కరుగుతాయి. పొయ్యి దగ్గర, దీపం దగ్గర అస్సలు వద్దు, అసిటోన్ భగ్గున అంటుకుంటుంది. కిటికీ తెరిచి కూర్చోండి. తీశాక రుద్దకుండా గాలికి ఆరనివ్వండి.

మొన్నమొన్నటి నాణేలు

1957లో దశాంశ పద్ధతి వచ్చినప్పుడు నయా పైసా కంచుతో వచ్చింది, అది రాగిలాగే గోధుమ రంగులోకి మారుతుంది. ఆ తర్వాత 1960లలో వచ్చిన అల్యూమినియం పైసలు వేరే జాతి. అల్యూమినియానికి పులుపూ పడదు, సున్నం అంతకంటే పడదు. తమలపాకు, వక్క, సున్నంతో పాటు తాంబూలంలో పెట్టి మరిచిపోయిన రెండు పైసల నాణెం మీద గుంటలు పడి తెల్లటి పొడి పేరుకుపోవడం నేను చూశాను. డబ్బాలో రాగి, అల్యూమినియం కలిపి వేసి తేమ తగిలితే అల్యూమినియమే ముందు తినేయబడుతుంది, బ్యాటరీలో జరిగేదే అక్కడా జరుగుతుంది. వేరువేరుగా పెట్టండి.

1968లో మొదలైన తామరపువ్వు 20 పైసల నాణెం నికెల్ బ్రాస్, అంటే నికెల్ కలిపిన ఇత్తడి. కొత్తలో పసుపుగా మెరిసేది కాబట్టి అందులో బంగారం ఉందని ఊళ్లల్లో ఒక మాట ఉండేది. బంగారం లేదు. ఉంటే ఇలా గోధుమ రంగులోకి మారేదే కాదు.

ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు స్టెయిన్‌లెస్ స్టీలు, మామూలు వాడకంలో రంగు మారవు. స్టీలు బిళ్ల నీలంగానో బంగారు రంగుగానో కనిపిస్తే దాన్ని ఎవరో మంట మీద కాల్చారని అర్థం. పది రూపాయల బిళ్ల బయటి రింగు అల్యూమినియం బ్రాంజ్, చేతులు మారి మారి మసకబారి ముదురు రంగుకు తిరుగుతుంది, లోపలి ముక్క తెల్లగానే ఉంటుంది. దీన్ని చూసి దొంగ నాణెం అని తీసుకోని కొట్లు ఇప్పటికీ ఉన్నాయి. పది రూపాయల నాణేలు 14 డిజైన్లలో వచ్చాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. రంగు మాసిందని చెల్లకపోవడం ఉండదు.

మరకను చూసి కారణం పట్టుకోవడం

అడ్డంగా ఒకే నల్ల గీత ఉంటే రబ్బరు బ్యాండు. ఒక వైపు మెరుస్తూ ఇంకో వైపు మసకగా ఉంటే వెల్వెట్ పెట్టెలోనో చెక్క సొరుగులోనో ఒకే వైపు తిరిగి ఉంది, చెక్క నుంచి పుల్లటి ఆవిర్లు వస్తాయి. రెండు వైపులా సమానంగా నల్లబడి ఉంటే నీళ్ల అడుగున ఉండి ఉండొచ్చు. కోనేటి అడుగు బురదలో గాలి ఆడదు, అక్కడి సూక్ష్మజీవులు గంధకపు వాయువు వదులుతాయి, భక్తితో వేసిన నాణేలు అందులో పడి బొగ్గులా తయారవుతాయి. మీద జిగటగా, నూనెలాంటి ఆకుపచ్చ కనిపిస్తే అది పీవీసీ, అంటే మెత్తటి ప్లాస్టిక్ ఆల్బం చేసిన పని. ఆ ప్లాస్టిక్ పాతబడేకొద్దీ ఆమ్లం వదులుతుంది. కొత్త ఆల్బం తెరవగానే గుప్పున ప్లాస్టిక్ వాసన వచ్చిందంటే కొనకండి. ఇప్పటికే అందులో నాణేలు ఉంటే ఈరోజే తీసేయండి, జిగట ఉన్నవాటిని అసిటోన్‌లో ముంచి తీయండి. తొందరగా చేస్తే పోతుంది, ఆలస్యం చేస్తే కింద గుంటలు పడి ఉంటాయి.

వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వెండి రూపాయలు వేసే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. వేయండి, దాని కోసమే దాచుకున్నవి అవి. పూజ అయిపోయాక ఆ రాత్రే తీసి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టండి. పంచామృతం తగిలితే ఇంకా తొందరగా కడగాలి, పెరుగు పులుపు, తేనె జిగురు అంచు గాళ్లలో చిక్కుకుంటాయి. బోరు నీళ్లతో కడిగి వదిలేస్తే ఆరాక తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి.

డిస్టిల్డ్ వాటర్ ఎక్కడ దొరుకుతుందని చాలామంది అడుగుతారు. బ్యాటరీ షాపులో అడగండి, లీటరు, అయిదు లీటర్ల క్యాన్లలో ఉంటుంది. బ్యాటరీ ఆసిడ్ వేరు, డిస్టిల్డ్ వాటర్ వేరు, క్యాన్ మీద పేరు చదివి తెచ్చుకోండి.

ఇక అల్యూమినియం ఫాయిలు, వంట సోడా, వేడినీళ్ల చిట్కా సంగతి. రసాయనం ప్రకారం అది నిజంగానే పనిచేస్తుంది, పొరలో ఉన్న గంధకాన్ని అల్యూమినియం లాక్కుంటుంది. వెండి కుందులకు, పళ్లేలకు వాడుకోండి. పాత నాణేనికి మాత్రం వద్దు, రంగు పోతుంది కానీ కింద ఉపరితలం మసకగా, చచ్చినట్టు బయటపడుతుంది. ఆ పొర ఏర్పడటానికి నాణెం తన వెండినే కొంచెం ఇచ్చుకుంది.

ఎలా దాచాలంటే, పెద్ద ఖర్చేమీ లేదు. నాణేల షాపుల్లో మైలార్ (పీవీసీ కాని పలచటి పారదర్శక ప్లాస్టిక్) కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు దొరుకుతాయి, పిన్నులు కొట్టాక పటకారుతో నొక్కి చదును చేయండి, లేకపోతే పక్క నాణేన్ని గీరుతాయి. విలువైనవాటికి గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్. వీటన్నిటినీ రబ్బరు వాషర్ లేని, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో వేసి రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు పడేసి ఇనప బీరువాలో పెట్టండి. నీలం రంగు గింజలున్న సిలికా జెల్ అయితే తేమ పీల్చాక గులాబీ రంగుకు మారుతుంది, బాణలిలో సన్న సెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలమవుతుంది (ఆ బాణలి వంటకు వాడొద్దు). బీరువాలో కలరా ఉండలు, అగరొత్తుల పెట్టె, ఉన్ని శాలువాలు ఉన్న అర వదిలేసి వేరే అర చూసుకోండి. పూజగది, వంటిల్లు రెండూ వద్దు, ఒకచోట హారతి మసి, ఇంకోచోట ఆవిరి.

రంగు చూసి మోసపోవద్దు

ఇంద్రధనుస్సు రంగులున్న వెండి నాణేలకు గిరాకీ ఉంది కాబట్టి కావాలని రంగు పుట్టించేవాళ్లూ ఉన్నారు. ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనతో పాటు నాణేన్ని కవర్లో పెట్టి మూసేస్తే ఒక్క రాత్రిలో రంగు వస్తుంది. స్టవ్ మీద కాల్చినా వస్తుంది. ఏళ్ల తరబడి వచ్చిన రంగు అంచు నుంచి నడుముకు మెల్లగా జారుతుంది, అక్షరాల పక్కన, అంటే గాలి సరిగా తగలని మూలల్లో తేలిపోతుంది. పుట్టించిన రంగు ఒక్కసారిగా మచ్చలా పడి ఉంటుంది. పాత గీతల లోపల కూడా మెరిసే ఊదా, నీలం నిండిపోయి ఉన్నాయంటే ఎవరో ముందు తోమి, ఆ తర్వాత రంగు ఎక్కించారేమో అని అనుమానించండి. రాగి పూత పూసిన రెండు రూపాయల బిళ్లను అరుదైన తప్పు నాణెం అని అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే లోపల మామూలు స్టీలే. మీ పాత నాణేనికి లక్షలు ఇస్తామని, ముందు ఫీజు కట్టమని అడిగితే కట్టకండి. రిజర్వ్ బ్యాంకు పేరు వాడుకుని జరుగుతున్న ఈ మోసాల గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

ముడుపు సంగతి

తిరుపతిలో ఉండి ముడుపు గురించి చెప్పకపోతే ఎలా. మొక్కుకున్నప్పుడు పసుపు నీళ్లలో ముంచిన గుడ్డలో నాణెం కట్టి దేవుడి దగ్గర పెడతాం, మొక్కు తీరాక కొండకు తీసుకెళ్లి హుండీలో వేస్తాం. మొక్కు తీరడానికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. గుడ్డ తడి ఆరకముందే ముడి బిగిస్తే ఆ తడి నూలులోనే ఉండిపోయి, విప్పినప్పుడు రాగి కలిసిన నాణెం ఆకుపచ్చగా, గుడ్డకు అతుక్కుని కనిపిస్తుంది. అది చూసి అపశకునమని ఏడ్చిన ఒక తల్లిని నేను చూశాను. అది తడి, రాగి కలిసి చేసిన పనేనమ్మా, మీ మొక్కుకు ఏమీ కాలేదని ఎంతసేపు చెప్పాల్సి వచ్చిందో. హుండీలో పడ్డవన్నీ పరకామణిలో లెక్కకు వెళ్తాయి, రంగు మారిన నాణెం వేసినా తప్పేం లేదు, అలాగే వేసేయమని చెప్పాను.

మా ఇంట్లో ఇప్పుడు గుడ్డను పసుపు నీళ్లలో ముంచి, దండెం మీద ఒక పూట బాగా ఎండనిచ్చి, ఆ తర్వాతే స్టీలు రూపాయి పెట్టి ముడి వేస్తున్నాం. అవ్వ చేతి మీదుగా వచ్చిన వెండి రూపాయి ముడుపులో పెట్టాలని ఎవరికైనా అనిపిస్తే పెట్టండి, ముందు దాన్ని రెండు వైపులా పగటి వెలుతురులో ఫోటో తీసి ఉంచుకోండి.